పేట హైవే మీద వంతెన: ఎవరూ ఎక్కకుండా కట్టే పద్ధతి

చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి చిలకలూరిపేటని రెండుగా కోసుకుంటూ పోతుంది. పాతవాళ్లకి అది ఇప్పటికీ ఐదో నంబరు హైవేనే. ఇల్లు ఇటుంటే బడి అటు. మిల్లు ఇటుంటే ఆటో అటు. డాక్టరు ఇటు రాసిన చీటీకి మందులు అటు. అందుకే పేటలో పుట్టిన పిల్లలు నడక తర్వాత నేర్చే విద్య రోడ్డు దాటడం. ఒక చేత్తో తమ్ముడి రెక్క పట్టుకుని, రెండో చెయ్యి లారీ డ్రైవరుకి చూపిస్తూ దాటేస్తారు.

ఈమధ్య పట్టణాలు కట్టేవాళ్లు ఒక కొత్త మాట అంటున్నారు. పాదచారుల వంతెన అంటే దాటిపోయే మెట్లు మాత్రమే కాదట, నలుగురు కూడే చోటు కూడా కావాలట. కూర్చోడానికి అరుగు, తాగడానికి టీ, కాసేపు నీడ, సాయంత్రం కబుర్లు అన్నీ అక్కడే ఉండాలట. ఈ మాట ఏదో ఒకరోజు మన మునిసిపల్ సమావేశం ఎజెండాలోకి ఎక్కుతుంది. ఆ రోజుకి కమిషనర్లు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, కొబ్బరికాయ కొట్టే పెద్దలు సిద్ధంగా ఉండాలని ఈ కరదీపిక. తూచా తప్పకుండా పాటిస్తే వంతెన పైన నిలబడి ఉంటుంది, జనం కింద నుంచే దాటుతుంటారు.

1. జనం ఎక్కడ దాటుతున్నారో చూడకండి

తెల్లవారుజామున ఎన్నార్టీ సెంటర్లో నిలబడితే, మిరప కోతలకి పోయే ఆడకూలీలు ఏ సందులోంచి వచ్చి ఏ పక్క ఆటో ఎక్కుతారో తెలిసిపోతుంది. గణపవరం స్పిన్నింగు మిల్లుల షిఫ్టు మారే వేళ, బడి వదిలే వేళ ఇంకోసారి చూస్తే మిగతాదీ తెలుస్తుంది. అసలు మనిషే అక్కర్లేదు. డివైడర్లో ఇనుప చువ్వ ఎక్కడ వంగిందో, మొక్కలు నలిగి బాట ఎక్కడ పడిందో చూస్తే చాలు. జనం తమ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) తామే రాసి పెట్టుకున్నారు. దాన్ని మాత్రం చదవకండి. చదివితే కన్సల్టెంటుకి ఫీజు ఎందుకిచ్చారని ఆడిటువాళ్లు అడుగుతారు.

చోటు ఎంపికకి ప్రమాణాలు మూడు. అక్కడ మార్చాల్సిన కరెంటు స్తంభం ఉండకూడదు, కూల్చాల్సిన కొట్టు ఉండకూడదు, అడ్డం మాట్లాడే మనిషి ఉండకూడదు. మూడూ కుదిరే చోటు సాధారణంగా సెంటరుకి రెండు ఫర్లాంగులు అవతల దొరుకుతుంది.

టెహ్రాన్‌లో 2014లో తబీఅత్ అనే వంతెన తెరిచారు. లైలా అరాఘియాన్ అనే యువ ఆర్కిటెక్టు గీసింది. 270 మీటర్ల పొడవు, కింద మన హైవే లాంటిదే పెద్ద రోడ్డు. మూడు అంతస్తులు, బెంచీలు, తినుబండారాలు. దానికి 2016లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం కూడా వచ్చింది. ఎవరైనా దీన్ని ఉదాహరణగా తెస్తే, అది రెండు పెద్ద పార్కుల్ని కలుపుతుందన్న సంగతి బయటికి రానివ్వకండి. రెండు చివర్లా జనానికి పని ఉంది కాబట్టే మధ్యలో ఆగుతున్నారు. మన వంతెనకి ఒక చివర మురుగుకాలవ, ఇంకో చివర ట్రాన్స్‌ఫార్మరు ఉండేలా చూసుకుంటే ఆ ప్రమాదం రాదు.

2. మెట్ల లెక్క ఎవరికీ చెప్పకండి

హైవే మీద ఏది కట్టినా కింద ఐదున్నర మీటర్ల ఖాళీ వదలాలి. దూలాల మందం కూడా కలిపితే నడిచే నేల ఆరున్నర మీటర్ల ఎత్తుకి పోతుంది. మెట్టు 15 సెంటీమీటర్లయితే ఎక్కడానికి 43, దిగడానికి 43. కింద నుంచి దాటాలంటే, రోడ్డు 20 మీటర్లనుకుందాం, మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్ల లెక్క. అంటే 17 సెకన్లు. ఒక పక్క 86 మెట్లు, ఇంకో పక్క 17 సెకన్లు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఎప్పుడూ రాయకండి.

చక్రాల కుర్చీకి, తోపుడుబండికి ర్యాంపు కావాలని ఎవరో ఒకరు లేస్తారు. మీటరు ఎత్తుకి 12 మీటర్ల పొడవు చొప్పున వాలు ఉండాలి కాబట్టి, మధ్యలో ఆగే చోట్లు కాక ఒక్కో పక్కకీ 78 మీటర్లు కావాలి. అంత చోటు లేదనండి. ఒత్తిడి ఎక్కువైతే నిటారుగా ఒక ర్యాంపు వేసి, మోటారు సైకిళ్లు ఎక్కకుండా మొదట్లో రెండు ఇనుప స్తంభాలు పాతండి. చక్రాల కుర్చీ కూడా అక్కడే ఆగిపోతుంది. ఫైల్లో మాత్రం ర్యాంపు ఉంటుంది.

హైదరాబాద్ ఉప్పల్లో 2023 జూన్ 26న తెరిచిన స్కైవాక్‌ని చూసొద్దామని బృందంగా వెళ్తే కాస్త జాగ్రత్త. ఆ 660 మీటర్ల నడకదారి కూడలి చుట్టూ తిరిగి, మెట్రో స్టేషన్‌లో టికెట్ తీసుకునే అంతస్తుకే కలుస్తుంది. రైలెక్కేవాడు ఎలాగూ పైకి వెళ్లాలి, దిగినవాడు అప్పటికే పైన ఉంటాడు. వాళ్లకి అదనంగా ఎక్కే మెట్లు లేవు. పైగా లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. మన పేటలో మెట్రో లేదు. ఆ తేడా గమనించకుండా బొమ్మ మాత్రం కాపీ చేసుకుని రండి.

3. నీడ వద్దు, ఇనుము ముద్దు

పైకప్పు వేస్తే డ్రోన్ ఫొటోలో వంతెన అందం కనిపించదు. కాబట్టి కప్పు వద్దు. నేలకి ఇనుప పలకలు పరవండి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టినవాడు పెనం మీద పడ్డ అట్టులా ఎగిరి గంతేస్తాడు, దాటడం త్వరగా అయిపోతుంది. వానాకాలంలో అదే పలక జారుతుంది. అప్పుడూ దాటడం త్వరగానే అవుతుంది.

పేటలో నలుగురు కూర్చునే చోట్లు ఏవో మనకి తెలుసు. వేపచెట్టు కింద, కొట్టు పంచలో, చలివేంద్రం పందిట్లో. మిర్చి ధర పడిందా లేచిందా, తాలుకాయకి ఎంతిస్తున్నారు, గుంటూరు యార్డుకి ఎన్ని టిక్కీలు దిగాయి అనే మాటలన్నీ అక్కడే. ఈ మూడింటిలోనూ ఉన్న ఉమ్మడి వస్తువు నీడ. కాబట్టి దాన్ని అంచనాల్లోంచి మొదటే కొట్టేయండి.

ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1650 ప్రాంతంలో కట్టిన ఖాజూ వంతెనకి మందపాటి ఇటుక గోడలు, కమానులు, లోపలికి కూర్చునే గూళ్లు ఉన్నాయి. సాయంత్రం అయ్యేసరికి కమానుల కింద చేరి పాడుకుంటారు. మనకీ ఓగేరు వాగు ఉంది, కుప్పగంజి వాగు ఉంది, గట్టు మీద అలాంటిది కడితే బాగుంటుంది కదా అని కుర్రాళ్లు అడగవచ్చు. నిధులు హైవే పద్దులో ఉన్నాయని చెప్పి పంపేయండి.

4. ప్రయోజనాలు పెంచండి, వెడల్పు పెంచకండి

బహుళ ప్రయోజన వంతెన అన్నారు కాబట్టి ప్రయోజనాల పట్టిక పొడుగ్గా ఉండాలి. ఓపెన్ జిమ్, యోగా వేదిక, చదువుల మూల, పిల్లల ఉయ్యాల, మొక్కల కుండీలు, ఎల్‌ఈడీ తెర, మంచినీళ్ల ఏటీఎం, ‘ఐ లవ్ చిలకలూరిపేట’ అనే నిలువెత్తు అక్షరాలు. వెడల్పు మాత్రం మూడు మీటర్లు దాటనివ్వకండి. ఇవన్నీ పెట్టాక నడవడానికి మిగిలేది మూడడుగులు. అందులో ఒక అడుగు కుండీలోంచి కారే నీళ్లకి పోతుంది.

వెడల్పున్న వంతెన మీద మనిషి ఆగితే వెనకవాడు తప్పుకుపోతాడు. ఇరుకు వంతెన మీద ఆగితే వెనకవాడు కసురుతాడు. కూర్చునే చోటు, నడిచే దారి వేరువేరుగా ఉంటేనే ఎవరైనా ధైర్యంగా ఆగుతారు. అందుకే ఆ రెండింటినీ కలిపేయండి. బెంచీలు దారికి అడ్డంగా వేయండి. వీపు రోడ్డు వైపు కాకుండా మొహం రోడ్డు వైపు ఉంటే లారీలు చూస్తూ కూర్చుంటారు కాబట్టి, మొహం గోడ వైపు తిప్పండి.

5. కొట్లు వేలం వేయండి

కొట్లు ఉంటేనే జనం ఆగుతారన్నది నిజం. కాబట్టి కొట్లు పెట్టాలి, కానీ ఆగాలనిపించనివి పెట్టాలి. దానికి వేలం పాట అన్నిటికన్నా మేలు. ఎక్కువ పాడినవాడికి కొట్టు. మిరపకాయ బజ్జీల బండివాడు, జామకాయల తట్ట పెట్టుకునే ఆవిడ ఆ పాటలో నెగ్గలేరు. సెల్‌ఫోన్ కవర్లు, క్రెడిట్ కార్డులు, ప్లాట్ల బుకింగ్ కౌంటర్లు నెగ్గుతాయి. 86 మెట్లెక్కి ప్లాటు బుక్ చేసుకునేవాడు ఎక్కడైనా ఉంటే వాడిని సన్మానించండి.

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో 1345లో కట్టిన పోంతే వెక్కియో అనే వంతెన మీద ఒకప్పుడు మాంసం కొట్లు ఉండేవి. 1593లో పాలకుడు ఫెర్దినాందో వాసన పడక వాళ్లని పంపేసి కంసాలుల్ని తెచ్చి పెట్టాడు. ఇవాళ్టికీ అక్కడ బంగారం కొట్లే. మీ వేలానికి ఇది చక్కటి చారిత్రక ఆధారం. ఆ వంతెన నదికి ఇటూ అటూ ఉన్న వీధుల ఎత్తులోనే ఉందనీ, మెట్లెక్కే పని లేదనీ మాత్రం చెప్పకండి.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే పట్టణ కమిటీలో వ్యాపారులకీ చోటుండాలని అందులో ఉంది. ఆ కమిటీని ముందే పిలిస్తే ఇలాంటి సంభాషణ వినాల్సొస్తుంది:

‘‘ఏమ్మా, పైన చోటిస్తాం, ఎండా వానా ఉండదు, తీసుకోరాదూ?’’

‘‘పైకి తట్ట ఎవరెక్కిస్తారయ్యా?’’

‘‘పొద్దున ఒక్కసారి ఎక్కిస్తే చాలు గదా.’’

‘‘బేరం కింద ఉంటే నేను పైనుండి ఏంజేయను? ముందు వాళ్లని ఎక్కించండి, వాళ్ల వెనకే నేనొస్తా.’’

ఇంత సులువుగా విషయం తేలిపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. కమిటీని ప్రారంభోత్సవానికి పిలవండి, చాలు.

6. ఫ్లెక్సీలకి రెండు పక్కలా కేటాయించండి

వంతెన ఖర్చు ప్రకటనల మీద రాబట్టుకోవడం పెద్ద నగరాల్లో ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటే. మనం ఒక మెట్టు పైకెక్కాలి. రెండు పక్కలా నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టి, గాలి కూడా ఆడకుండా మూసేయాలి. ఇటు పుట్టినరోజు శుభాకాంక్షలు, అటు కార్పొరేట్ కాలేజీ ర్యాంకులు, మధ్యలో చీరల ఆషాఢం తగ్గింపు.

లోపల ఎవరున్నారో బయటివాళ్లకి కనపడదు, బయట ఏం జరుగుతోందో లోపలివాళ్లకి కనపడదు. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే ఒక సంగతి చెప్పింది. వీధిని కాపాడేది పోలీసుకన్నా ముందు, కొట్లలోంచీ కిటికీల్లోంచీ దాన్ని చూస్తుండే మామూలు జనం కళ్లేనని. ఆ కళ్లన్నిటినీ ఒకే ఫ్లెక్సీతో మూసేయవచ్చని ఆవిడకి తట్టలేదు. మనకి తట్టింది.

7. ఆడవాళ్లని అడగకండి

ఈ వంతెన ఎక్కువగా వాడబోయేది ఎవరు? తెల్లారకముందు కోతలకి పోయే కూలీలు, రాత్రి షిఫ్టు దిగే మిల్లు అమ్మాయిలు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, పిల్లల్ని బడికి తోలుకెళ్లే తల్లులు. కాబట్టి డిజైన్ కమిటీలో అందరూ మగవాళ్లే ఉండాలి.

నేలకి చిల్లుల ఇనుప జాలీ వేస్తే వాననీళ్లు కిందికి పోతాయి, ఖర్చూ తగ్గుతుంది. కింద నిలబడ్డవాళ్లకి పైన ఏం కనిపిస్తుందన్నది మీకు తట్టకపోవడమే మంచిది. గాజు పలకలైతే ఇంకా ఆధునికం. చీర కట్టుకున్న ఒక్క మనిషిని ముందు నడిపించి చూస్తే ఈ రెండూ ఆ పూటే రద్దవుతాయి, అందుకే నడిపించకండి.

దీపాలు రాత్రి పదింటికి ఆర్పేయండి, కరెంటు ఆదా. మిల్లు షిఫ్టు ఎన్నింటికి దిగుతుందో మునిసిపాలిటీకి ఏం పని? మరుగుదొడ్డి కడితే నీళ్లు కావాలి, కడిగే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. అది లేకపోతే ఆడవాళ్లు అక్కడ అరగంట కూర్చోరు. కూర్చోని చోట మగపిల్లల గుంపు కూర్చుంటుంది. గుంపు కూర్చుంటే ఆడవాళ్లు అసలే ఎక్కరు. ఇంత పని ఒక్క మరుగుదొడ్డి ఎగ్గొట్టి సాధించవచ్చు.

8. కోటప్పకొండ ప్రభల సంగతి తర్వాత చూద్దాం

మహాశివరాత్రికి పురుషోత్తమపట్నం నుంచి, కావూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోటప్పకొండకి ప్రభలు కదులుతాయి. వెదుళ్లు, కలప కట్టి, రంగుల బట్ట, విద్యుత్ దీపాలు తొడిగి నిలబెట్టిన ప్రభల్లో 60 అడుగులు దాటేవి ఉంటాయి. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లూ లాగుతున్నాయి. అవి సాగే దారుల్లో కరెంటు ఆపి, తీగలు తప్పించి మరీ దారిస్తారు. తీగ అయితే తప్పిస్తారు. ఉక్కు వంతెనని ఎవరు తప్పిస్తారు?

మన వంతెన కింద ఖాళీ ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. 18 అడుగుల కిందినుంచి 60 అడుగుల ప్రభ వెళ్లే ఉపాయం కొండ మీది త్రికోటేశ్వరస్వామికే తెలియాలి. ప్రభ కట్టే పెద్దలతో ఒక పూట కూర్చుంటే ఏ దారి అడ్డుకోకూడదో గీత గీసి చూపిస్తారు. మీరు కూర్చోకండి. కట్టేయండి. తొలి శివరాత్రికి ముందు వారం ఎమ్మెల్యే గారింటి ముందు ఊరంతా కూడుతుంది. పాదచారుల వంతెన వల్ల జనం ఒకచోట చేరారని చెప్పుకోవడానికి అదే మీకు మొదటి అవకాశం.

9. తిరునాళ్ల జనాన్ని బరువులో లెక్కపెట్టకండి

మన దేశంలో వంతెనలు ఎంత బరువుకి కట్టాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఉంది. మామూలు వంతెన పక్కనుండే కాలిబాటకి చదరపు మీటరుకి 400 కిలోలు లెక్కేస్తారు. విడిగా కట్టే పాదచారుల వంతెనకి 500 కిలోలు. తీర్థాలూ తిరునాళ్లూ జరిగే ఊళ్ల దగ్గరైతే కాలిబాటకీ 500 పట్టాలని అందులోనే రాశారు. ఆ వాక్యం రాసినవాళ్లెవరో మన కొండ తిరునాళ్ల రాత్రి ఎప్పుడైనా చూసే ఉంటారు. కుండీలు, జిమ్ము, అక్షరాలు, నీళ్ల ట్యాంకు ఆ తర్వాత మీరు చేర్చినవి కాబట్టి వాటి బరువు అడక్కండి.

లండన్‌లో మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిచారు. జనం నడకకి అది పక్కలకి ఊగింది, ఊగుతుంటే జనం తూలకుండా దాని ఊపుకే అడుగులు వేశారు, అలా వేసేసరికి ఇంకా ఊగింది. రెండు రోజుల్లో మూసేసి, ఊపు తగ్గించే పరికరాలు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. వాళ్లకి సిగ్గు ఎక్కువ. మీరైతే ఉయ్యాల వంతెన అని పేరు పెట్టి ప్రచారం చేసుకోవచ్చు.

ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో ఇరుకు మెట్ల వంతెన మీద 2017 సెప్టెంబర్ 29న తొక్కిసలాటలో 23 మంది పోయారు. ఎవరైనా ఆ మాటెత్తితే, అది రైల్వేది, మనది మునిసిపాలిటీది అనండి. గుజరాత్ మోర్బీలో మరమ్మతు చేసి తెరిచిన నాలుగు రోజులకే, 2022 అక్టోబర్ 30న, నది మీది వేలాడే వంతెన తెగి 135 మంది పోయారు. అది తీగల వంతెన, మనది ఉక్కు అనండి. ఈ రెండు జవాబులూ తడుముకోకుండా చెప్పగలిగితేనే మీరు ఈ కరదీపికలో తర్వాతి చిట్కాకి అర్హులు.

10. ఫొటో ముందు, మనిషి తర్వాత

హైదరాబాద్ దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబర్ 25న తెరిచారు. బండ్లాపి, రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు దిగే జనాన్ని తరమలేక పోలీసులు అవస్థపడ్డారు, జరిమానాలు వేశారు. కొంతకాలం వారాంతాల్లో వాహనాలు ఆపేసి వంతెనని నడిచేవాళ్లకే వదిలారు. బండ్ల కోసం కట్టిన వంతెనని జనం ఊరి అరుగు చేసుకున్నారు. కావాల్సిన చల్లగాలి, నీళ్లు, వెలుగు, వెడల్పు అన్నీ అక్కడున్నాయి. మెట్లు లేవు. దీన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది రంగు దీపాలు ఒక్కటే.

అహ్మదాబాద్‌లో సబర్మతి మీద 2022 ఆగస్టు 27న తెరిచిన అటల్ వంతెన పాదచారులకే కట్టింది. 300 మీటర్ల పొడవు, ఎక్కడానికి టికెట్. విహారానికి వచ్చేవాళ్లు టికెట్ కొంటారు. కాబట్టి రోజూ కోతలకి పోయే కూలీ కూడా కొంటుందని సిద్ధాంతం తయారుచేసి నివేదికలో రాయండి. టికెట్ కౌంటరు పైన పెట్టండి, మెట్లెక్కాక చిల్లర లేదని తెలుస్తుంది.

ఇంకా పెద్ద పేరు కావాలంటే ప్రకటన చేసి వదిలేయండి. గోదావరి మీద 1897లో కట్టడం మొదలుపెట్టిన హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు 1997లో ఆగిపోయాయి. దాన్ని నడకదారిగా, విహారస్థలంగా మారుస్తామన్న మాట అప్పటినుంచీ ఎన్నో ప్రభుత్వాలకి పనికొచ్చింది. కట్టిన వంతెన ఒకసారే ప్రారంభమవుతుంది, కట్టబోయే వంతెన ఎన్నిసార్లయినా ప్రకటించవచ్చు.

11. లిఫ్టు పెట్టండి, తాళంచెవి దాచండి

లిఫ్టు ఉంటే ముసలివాళ్లు, గర్భిణులు, బరువులున్నవాళ్లు ఎక్కుతారు. దీనికి విరుగుడు నిర్వహణ. లిఫ్టు కొనే డబ్బు ఒక పద్దు, నడిపే డబ్బు ఇంకో పద్దు అయ్యేలా చూడండి. కరెంటు బిల్లు హైవేవాళ్లదా, మునిసిపాలిటీదా అన్నది ఒప్పందంలో రాయకండి. తాళం వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ కాంట్రాక్టు ఏజెన్సీ దగ్గర, ఏజెన్సీ బకాయిల దగ్గర ఉంటే లిఫ్టు కొత్తదనం చెడకుండా ఉంటుంది. తలుపు మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న బోర్డు మాత్రం ఇత్తడిది చేయించండి. కాగితమైతే మాటిమాటికీ మార్చాలి.

ఊడ్చే మనిషిని పెట్టకండి. పత్తి సీజన్లో లారీల మీది బోరేల నుంచి ఎగిరిన దూది, మిర్చి లోడుల దుమ్ము, బజ్జీల కాగితాలు మూల చేరతాయి. వంతెన మీద పంటల కాలం తెలుసుకోవచ్చు. ఇది వ్యవసాయ సంస్కృతి పరిరక్షణ కిందికి వస్తుంది.

12. ఎక్కకపోతే జనాన్ని తిట్టండి

ఇవన్నీ సరిగ్గా పాటించాక వంతెన ఖాళీగా ఉంటుంది. అప్పుడు పత్రికలవాళ్లు వస్తారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి: మన జనానికి క్రమశిక్షణ లేదు. అంతే. ఆ వాక్యం ఏ ఊళ్లో అయినా, ఏ వంతెనకైనా సరిపోతుంది.

తర్వాత డివైడర్ మీద కంచె ఎత్తు పెంచండి. జనం ఒకచోట చువ్వ వంచుతారు. అక్కడ ఇంకో చువ్వ వెల్డింగు చేయించండి. ఇంకో చోట వంచుతారు. ఈ పనికి ఏటా టెండర్ పిలవవచ్చు. కంచె దూకలేని ముసలమ్మలు రోడ్డు దాటడం మానేస్తారు. అటు పక్క చుట్టాలింటికి వెళ్లడం మానేస్తారు, గుడికి వెళ్లడం మానేస్తారు. ప్రమాదాల పట్టికలో వాళ్లు కనిపించరు కాబట్టి రోడ్డు భద్రత మెరుగైందని నివేదిక రాసుకోవచ్చు.

చివరిగా ఒక హెచ్చరిక

మీ కమిటీలో ఒక మొండి మనిషి ఉంటాడు. ఊరి బయటినుంచి ఆరు వరుసల బైపాస్ వేయడమే దూరం పోయే లారీల్ని ఊళ్లోంచి తప్పించడానికి గదా, మరి ఊళ్లో మిగిలే రోడ్డు హైవే లాగా ఎందుకుండాలి అని అడుగుతాడు. దాన్ని ఊరి వీధిగా మార్చేద్దాం, బండ్ల వేగం తగ్గిద్దాం, జనం దాటేచోటే సిగ్నలు పెట్టి, తెల్లగీతలు గీసి, మధ్యలో ఆగడానికి ఒక అరుగు కడదాం, రెండు పక్కలా చెట్లు వేసి బెంచీలు పెడదాం, బజ్జీల బండీ జామకాయల తట్టా ఉన్నచోటే ఉండనిద్దాం అంటాడు. మనుషుల్ని ఆకాశానికి ఎక్కించడం కన్నా బండ్లని కాసేపు ఆపడం చవకంటాడు. వంతెనే కావాలంటే బస్టాండునీ మార్కెట్టునీ పై అంతస్తులోనే కలిపేట్టు, నీడతో, వెడల్పుగా, ర్యాంపుతో, మరుగుదొడ్డితో కట్టండి, లేకపోతే మానేయండి అంటాడు.

అతనితో వాదించకండి, గెలవలేరు. లెక్కలు అతని వైపే ఉన్నాయి. ఒక్కటే అడగండి: ‘‘అంతా నేల మీదే అయిపోతే, శిలాఫలకం ఎక్కడ పెట్టమంటావయ్యా? తెల్లగీతల మీద పెట్టలేం గదా!’’